ప్యారిస్ హెచ్.ఇ.సి. - పేరు ఒకటే, ద్వారాలు అనేకం



విదేశీ చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. మనవల చదువుకు గ్రాట్యుటీ సొమ్ము తీసి ఇద్దామా, ఇంటి కాగితాలు బ్యాంకులో పెడదామా అని మనలో చాలామంది ఆలోచనలో ఉన్నారు. అందుచేత పది కాలేజీల పేర్లు చదివే బదులు, ఒక్కదాన్నే తీసుకుని వివరంగా మనవి చేస్తాను. అది ఫ్రాన్సులోని హెచ్.ఇ.సి.

ఆ మూడక్షరాలకు ఫ్రెంచిలో ‘ఉన్నత వాణిజ్య విద్యలు’ అని అర్థం. 1881లో ప్యారిస్ ఛాంబర్ ఆఫ్ కామర్స్, అంటే అక్కడి వర్తక మండలి, దీన్ని స్థాపించింది. ఫ్రాన్సులో అప్పటికే ఇంజనీర్లకు గొప్ప విద్యాలయాలు ఉన్నాయి. వ్యాపారం మాత్రం దుకాణంలో కూర్చుని నేర్చుకోవలసిందేనని చాలామంది అభిప్రాయం. వర్తకానికీ అంతటి గౌరవం గల చదువు ఉండాలన్నది వ్యవస్థాపకుల సంకల్పం. 1964లో ఈ విద్యాలయం నగరం నడిబొడ్డు నుంచి వెర్సాయ్ సమీపంలోని జూయ్-ఆన్-జోసాస్ గ్రామానికి మారింది. ఆ ఆవరణను అధ్యక్షుడు డిగాల్ స్వయంగా ప్రారంభించారు. 2012 నుంచి 2017 వరకు ఫ్రాన్సు అధ్యక్షుడుగా ఉన్న ఫ్రాన్స్వా ఒలాండ్ ఇక్కడి పూర్వ విద్యార్థే.

ఇంత పేరున్న ఈ చోట ఆడపిల్లలకు చాలాకాలం ప్రవేశం లేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1916లో, లూలీ సనువా అనే మహిళ యువతుల కోసం విడిగా ఒక ఉన్నత వాణిజ్య పాఠశాల ప్రారంభించారు. అసలు హెచ్.ఇ.సి.లోకి అమ్మాయిలను తీసుకున్నది 1973లో. అంటే 92 ఏళ్ల తర్వాత!

ఇక కోర్సుల విషయం. మొదటిది ‘గ్రాండ్ ఎకోల్’ కార్యక్రమం. ఫ్రెంచి విద్యార్థులు హైస్కూలు చదువు ముగించాక సాధారణంగా రెండేళ్లు దీనికోసమే ప్రత్యేక తరగతులు చదివి, కఠినమైన రాత పరీక్ష, మౌఖిక పరీక్ష రాసి చేరతారు. ఇంటర్మీడియట్‌లో మన పిల్లలు పోటీ పరీక్షలకు పడే పాట్లు తలచుకుంటే మీకే అర్థమవుతుంది. విదేశీయులు డిగ్రీ తర్వాత వేరే పద్ధతిలో దీనిలో చేరవచ్చు. రెండవది 1969లో మొదలైన ఎం.బి.ఎ. ఇది కొన్నేళ్లు ఉద్యోగం చేసినవారికి. మూడవది ఉద్యోగం మానకుండా చదివే సీనియర్ అధికారులకు ఉద్దేశించినది. ఇవిగాక ప్రత్యేక విషయాల్లో మాస్టర్స్, పిహెచ్.డి., ఇంకా కొద్దిరోజుల శిక్షణలూ ఉన్నాయి.

గమనించండి, కొద్దిరోజుల శిక్షణ పొందినవారూ, పోటీ పరీక్ష నెగ్గి డిగ్రీ తీసుకున్నవారూ ‘హెచ్.ఇ.సి.లో చదివాం’ అనే అంటారు. పైగా కెనడాలో మాంట్రియల్‌లోనూ, స్విట్జర్లాండ్‌లో లొసాన్‌లోనూ హెచ్.ఇ.సి. అనే పేరుతోనే విద్యాసంస్థలు ఉన్నాయి. అవి వేరు, ఇది వేరు.

కాబట్టి మనవడో మనవరాలో వచ్చి ‘తాతయ్యా, సీటొచ్చింది’ అన్నప్పుడు సంతోషించండి, మిఠాయి పంచండి. సంతకం పెట్టే ముందు మాత్రం కొన్ని ప్రశ్నలు అడగండి. ఏ ఊరి సంస్థ? ఏ కోర్సు? చివర చేతికొచ్చేది డిగ్రీయా, సర్టిఫికెట్టా? బోధన ఏ భాషలో? ఫీజు గాక బస, భోజనం ఖర్చెంత? స్కాలర్‌షిప్ ఉందా? చదువయ్యాక వెంటనే ఉద్యోగం రాకపోతే వాయిదాలు ఎవరు కడతారు? వీటికి కాగితం మీద జవాబులు తీసుకోండి. మన మందుల ఖర్చుకు ఉంచుకున్న సొమ్మును మాత్రం ముట్టుకోకండి.

మరొక్క మనవి. మనవడికి ఇవ్వదలచింది మనవరాలికీ ఇవ్వండి. ప్యారిస్‌లో ఆ తలుపు తెరుచుకోవడానికి 92 ఏళ్లు పట్టింది. మన ఇళ్లలో అంత ఆలస్యం అక్కర్లేదు.