పాలు మానేసిన పసిగుడ్డును తెల్లారే దాకా ఉంచొద్దు

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఇప్పటిదాకా విన్నాం. మేం చెప్పబోయేది ఏ పుస్తకంలోనూ రాయని నష్టం. ఆ తల్లి ఈ సభలోనే కూర్చుని ఉంది. "నా పేరు చెప్పకండి, జరిగింది మాత్రం చెప్పండి" అని ఆమే అన్నది.

పోయిన వానాకాలం ఆమెకు ఆసుపత్రిలో కాన్పు అయింది. ఆడబిడ్డ. బరువు రెండున్నర కిలోలకు కాస్త తక్కువ. తొమ్మిదో రోజు మధ్యాహ్నం నుంచి బిడ్డ రొమ్ము సరిగ్గా పట్టలేదు. లేపితే రెండు గుక్కలు తాగి మళ్లీ కళ్లు మూసేది. ఏడుపు సన్నబడింది. తల్లి భయపడి అడిగితే, చూడ్డానికి వెళ్లిన మేమే "ఒళ్లు కాలడం లేదు గదా, హాయిగా పడుకుంది, లేపకు" అన్నాం. రాత్రికి కాళ్లు చేతులు చల్లబడ్డాయి. దిష్టి తీశాం. పురుడు కాకుండా రాత్రిపూట గడప దాటించకూడదన్నాం. తెల్లారి ఆటో ఎక్కించాం. సూక్ష్మక్రిములు రక్తంలోకి చేరాయని డాక్టరు చెప్పారు. మర్నాడు బిడ్డ దక్కలేదు.

ఆ రాత్రి ఆ తల్లికి అడ్డం పడింది మా మాటే. అది ఒప్పుకునే ఇక్కడ నిలబడ్డాం.

తర్వాత ఏఎన్ఎమ్మును, డాక్టరును కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాం. పెద్దవాళ్లకు జబ్బు చేస్తే జ్వరం వస్తుంది, మూలుగుతాం. పుట్టిన 28 రోజుల లోపు బిడ్డకు క్రిములతో పోరాడే శక్తి ఇంకా చాలదు. అందుకే చాలాసార్లు జ్వరం రాదు, ఒళ్లు చల్లబడుతుంది. గట్టిగా ఏడవదు, పాలు మానేస్తుంది. మనం బుద్ధిమంతురాలు అనుకునే బిడ్డ లోపల జబ్బుతో ఉండొచ్చు. కొన్ని గంటల్లోనే చేయి దాటిపోతుంది.

ఈ గుర్తుల్లో ఒక్కటి కనపడినా ఆసుపత్రికి బయల్దేరాల్సిందే:

- పాలు తాగడం మానేసినా, బాగా తగ్గించినా
- లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, కాళ్లు చేతులు ఆడించకపోయినా
- డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా. నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా
- ఒళ్లు వేడిగా ఉన్నా, గుడ్డల్లో చుట్టినా పొట్ట, పాదాలు చల్లగా ఉన్నా
- ఫిట్స్ వచ్చినా
- బొడ్డు చుట్టూ ఎర్రబడినా, చీము కారినా, ఒంటి మీద చీము పొక్కులు లేచినా
- అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా

దుకాణంలో చుక్కల మందు కొని పోయొద్దు. ఈ జబ్బుకు ఆసుపత్రిలో ఇంజెక్షన్లు కావాలి. 108కి ఫోన్ చేయండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పసిబిడ్డకు వైద్యం, మందులు, పరీక్షలు, వాహనం ఉచితం. దారిలో బిడ్డను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు ఆనించి, పైన గుడ్డ కప్పి తీసుకుపోవాలి. తాగగలిగితే పాలు ఇస్తూనే ఉండాలి.

ఇక జబ్బు రాకుండా చూసుకునే సంగతి. క్రిములు ఎక్కువగా మన చేతుల మీదుగానే పోతాయి. బిడ్డను ఎత్తుకునే ముందు ఎవరైనా సరే, అమ్మమ్మ అయినా నాయనమ్మ అయినా, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. జలుబు, దగ్గు, చీము పుండ్లు ఉన్నవాళ్లు దూరంగా ఉంటే మంచిది. బొడ్డు మీద పసుపు, బూడిద, ఆముదం ఏదీ పెట్టొద్దు. పొడిగా వదిలేస్తే దానంతట అదే రాలిపోతుంది. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. పిండి పారబోసే ఆ పసుపుపచ్చ పాలే బిడ్డకు మొదటి రక్ష. తేనె, చక్కెర నీళ్లు, పాల సీసా వద్దు. ఆరు నెలలూ తల్లిపాలే. పుట్టిన రోజు స్నానం పోయొద్దు. బిడ్డ చనుమొనలు పిండే అలవాటు మానుకోవాలి, దానివల్ల చీము పడుతుంది.

గర్భిణులకూ ఒక మాట. ఉమ్మనీరు పోతే నొప్పులు రాలేదని ఇంట్లో కూర్చోవద్దు. గంటలు గడిచేకొద్దీ క్రిములు బిడ్డకు చేరతాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను, తక్కువ బరువు బిడ్డను మరింత కనిపెట్టి చూడాలి.

"ఇదంతా డాక్టర్ల పని, మనకేం తెలుస్తుంది" అనుకోవద్దు. తెలంగాణను ఆనుకుని ఉన్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులు పల్లె ఆడవాళ్లకే ఈ గుర్తులు పట్టడం, వైద్యం చేయడం నేర్పారు. 39 ఊళ్లలో పసిబిడ్డల చావులు సగానికి పైగా తగ్గాయి. 1999లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఈ రోజు ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో మన ఇంటికొచ్చి బిడ్డను చూస్తున్నదంటే, దాని వెనక ఆ ఊళ్ల ఆడవాళ్ల అనుభవం ఉంది. ఆమె వచ్చినప్పుడు పురిటి గది తలుపు వేయకండి.

ఈ సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాం. ప్రతి సంఘం సమావేశంలో పొదుపు కట్టించుకునే ముందు, మన ఊళ్లో నెల లోపు బిడ్డలు ఎవరింట్లో ఉన్నారో అడిగి రాసుకోవాలి. బిడ్డకు బాగాలేదంటే సమావేశం కోసం ఆగకుండా, ఇద్దరు లీడర్లు కలిసి ఆ రాత్రే చేబదులు ఇవ్వాలి, సంతకాలు తర్వాత పెట్టుకోవచ్చు. వైద్యం ఉచితమైనా తిండికి, తోడున్నవాళ్లకు ఖర్చు తప్పదు. మూడోది, తల్లి వెంట సంఘం నుంచి ఒకరు పోవాలి.

మొన్న చలికాలం పక్క ఊళ్లో పదిహేను రోజుల బిడ్డ పాలు మానేస్తే, మన సభ్యురాలు ఒకామె సెల్‌ఫోన్‌లో నిమిషం పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టింది. డెబ్భై దాటింది. రాత్రి పదకొండింటికే బండి పిలిపించింది. పది రోజులకు పైగా ఇంజెక్షన్లు పడ్డాయి. ఆ పిల్లాడు వెనక వరసలో ఏడుస్తున్నాడు, మీ అందరికీ వినపడుతూనే ఉంది. ఏడవనివ్వండి.

తల్లి "బిడ్డ ఎందుకో బాగాలేదు" అంటే ముందు ఆమె మాట నమ్ముదాం. ముహూర్తం, పురుడు, దిష్టి తర్వాత చూసుకోవచ్చు. తీర్మానాలకు ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. సెలవు.