కానుగ గింజ, ఎండ, మన చర్మం

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఎండ నుంచి చర్మాన్ని కాపాడే మొక్కల గురించి మాట్లాడమన్నారు. అడవిలోని మొక్కలన్నీ చెప్పాలంటే ఈ పూట చాలదు. అందుకని ఒక్క చెట్టునే పట్టుకుందాం. కానుగ.

కానుగ మనకు కొత్త చెట్టేమీ కాదు. వాగు ఒడ్డున ఉంటుంది, చేను గట్టున ఉంటుంది. దాని పుల్లతో పళ్లు తోముకున్నాం, ఆకును మడిలో తొక్కాం. గింజల నూనెతో దీపం పెట్టుకున్నాం. గజ్జి లేస్తే అదే నూనె రాసుకున్నాం. 2003లో అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ ఆడపడుచులు ఈ కానుగను ప్రపంచ బ్యాంకు దాకా తీసుకెళ్లారు. డీజిల్ బదులు కానుగ నూనె వాడితే గాలిలో కలవకుండా ఆగే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు లెక్కగట్టి బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు చెల్లించింది. సొమ్ము పెద్దది కాదు. మన గూడెం చెట్టుకు బయటి లోకం కాగితం మీద విలువ కట్టింది, అదీ విశేషం. ఆ రోజు విలువ కట్టింది నూనెకు. ఆ నూనెలో ఇంకో విలువ కూడా దాగి ఉంది.

ఎండలో కంటికి కనిపించే వెలుగుతో పాటు కనిపించని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. వాటిలో రెండు రకాలు నేల దాకా వస్తాయి. యూవీబీ చర్మం పైపొరను కమిలిస్తుంది, కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. యూవీఏ ఇంకా లోపలికి దిగి ముడతలకు, మచ్చలకు కారణమవుతుంది. కిటికీ అద్దం కూడా దాన్ని పూర్తిగా ఆపదు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఈ కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. కాబట్టి అరకు, పాడేరు, లంబసింగి వైపు పిల్లలు చల్లగా ఉంది కదా అని ఎండను తక్కువ అంచనా వేయకండి.

మనిషికి ఎండ ఎక్కువైతే నీడకు పోతాడు. చెట్టు ఎక్కడికి పోతుంది? అందుకే తన గొడుగు తనే తయారు చేసుకుంటుంది. ఇప్ప చిగురు రాగి రంగులో మెరుస్తుంది, చూశారు కదా. లేత ఆకును ఎండ తీవ్రత నుంచి కాపాడటం ఆ రంగు పదార్థాల పనుల్లో ఒకటని శాస్త్రజ్ఞుల వివరణ. ఇలా కిరణాలను అడ్డుకునే పదార్థాల్లో ఫ్లేవనాయిడ్లు ఒక పెద్ద కుటుంబం.

కానుగ గింజలో ఆ కుటుంబానికి చెందినవి రెండున్నాయి. ఒకటి కరంజిన్, రెండోది పొంగామోల్. కరంజిన్ ఎక్కువగా యూవీబీ వైపు కిరణాలను పీల్చుకుంటుంది, పొంగామోల్ యూవీఏ వైపు. పొంగామోల్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. యూవీఏను ఆపడానికి ప్రపంచమంతటా సన్‌స్క్రీన్లలో వాడే అవోబెంజోన్ అనే పదార్థం ఫ్యాక్టరీలో తయారవుతుంది. దాని అణువుకూ పొంగామోల్ అణువుకూ వెన్నెముక ఒకటే. కిరణం తగలగానే అణువు దాన్ని పీల్చుకుని, వేడిగా మార్చి వదిలేస్తుంది. రసాయన శాస్త్రవేత్తలు కష్టపడి చేసిన అమరికను వాగు ఒడ్డున నిలబడ్డ చెట్టు ఎప్పటి నుంచో గింజలో దాచుకుని ఉంది! పొంగామియా పేరుతో కానుగ సారం ఇప్పుడు ఖరీదైన క్రీముల సీసాల మీద కూడా కనిపిస్తోంది.

ఇది విని ఇంటికి పోయి గానుగ నూనె ముఖానికి పూసుకుని చేనుకు వెళ్తారేమో. అలా చేయకండి. నూనెలో ఆ పదార్థాలు నూటికి ఒక పాలు అటూ ఇటూగా మాత్రమే ఉంటాయి. వాటిని వేరు చేయాలి, శుద్ధి చేయాలి, చర్మం మీద సమంగా పరుచుకునేలా కలపాలి, మంట పుట్టిస్తుందో లేదో పరీక్షించాలి. ఎస్‌పీఎఫ్ అనే అంకె చూస్తుంటారు కదా. చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల లెక్కన మనుషుల చర్మం మీద మందంగా పూసి కొలిచిన అంకె అది. కొబ్బరి నూనెకు ఎస్‌పీఎఫ్ ఏడెనిమిది ఉంటుందని ఫోన్లో తిరుగుతూ ఉంటుంది. అది నూనెను సారాయిలాంటి ద్రావణంలో పలచన చేసి యంత్రంలో చూసిన లెక్క. చర్మం మీద చూస్తే అంత రక్షణ రాదు. మొక్కది కాబట్టి మంచిదే అన్న మాట కూడా నమ్మొద్దు. బావంచాల గింజలు మొక్కవే. వాటిలోని సోరాలెన్ చర్మాన్ని ఎండకు మరింత సున్నితం చేస్తుంది. బొల్లికి వాడే ఆ మందు తెలియక రాసుకుని ఎండలో నిలబడితే బొబ్బలు లేస్తాయి. ఏ మందు ఎంత, ఎప్పుడు అన్నది వెజ్జుకు తెలుసు, వీడియోకు తెలియదు.

ఇంకో మాట. సంతలో, ఫ్యాన్సీ షాపులో మన ఆడపిల్లలు, ఈమధ్య మగపిల్లలు కూడా, కొంటున్నది ఎండ నుంచి కాపాడే క్రీము కాదు, తెల్లబరిచే క్రీము. రెండూ ఒకటి కాదు. పేరూ ఊరూ లేని తెల్లబరిచే ట్యూబుల్లో స్టెరాయిడ్లు కలిసి ఉండొచ్చు, పాదరసం ఉండొచ్చు. స్టెరాయిడ్ నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, ఎండకు మండుతుంది. ఒక పెద్ద కంపెనీ 2020లో తన క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ మాట తీసేసింది. మన బుర్రల్లోంచి అది ఇంకా పోలేదు. నలుపు మెలనిన్ ఇచ్చిన కవచం. నల్లజాతి అమెరికన్ల చర్మం పైపొర 13 ఎస్‌పీఎఫ్ పాటి రక్షణ ఇస్తుందని, తెల్లవారిది మూడు నాలుగేనని 1979లోనే కొలిచారు. అలాగని మనకేమీ కాదనుకోవద్దు. కమలడం, మంగు మచ్చలు, కంటి శుక్లాలు మనకూ వస్తాయి. బొల్లి ఉన్నవారికి, పుట్టుకతో మెలనిన్ లేని పిల్లలకు సన్‌స్క్రీన్ సోకు కాదు, అవసరం. మిగతావాళ్లం చేనులో మిట్టమధ్యాహ్నం గడపాల్సి వస్తే అడ్డాకులు, వెదురు బద్దలతో మన పెద్దలు అల్లిన గిడుగు ఉంది. మా దృష్టిలో మొక్కల నుంచి వచ్చిన ఎండ మందుల్లో దాన్ని మించింది లేదు.

ఇక అసలు విషయానికి వస్తాం. రేపు కానుగ సారం, మరేదో అడవి చెట్టు సారం కోట్ల వ్యాపారమైతే మనకు దక్కేదేమిటి? గింజలేరిన కూలేనా?

కేరళలో కాణి అనే ఆదివాసులున్నారు. 1987లో అగస్త్య కొండల్లో తమతో వచ్చిన శాస్త్రజ్ఞులకు వాళ్లు అలసట తీర్చే ఆరోగ్యపచ్చ కాయలు చూపించారు. దాని నుంచి ‘జీవని’ అనే మందు తయారైంది. లైసెన్సు 10 లక్షల రూపాయలకు, 2 శాతం రాయల్టీకి ఇచ్చి, అందులో సగం కాణీలకని ఒప్పుకున్నారు. 1997లో వాళ్ల పేరుతో ట్రస్టు ఏర్పడింది. ఆ ఏర్పాటులో లోపాలు లేవని అనం. అయినా చెప్పినవాడికి వాటా ఉంటుందని దేశానికి చూపించింది వాళ్లే.

అమెరికాలో పసుపు మీద ఇచ్చిన పేటెంటును 1997లో రద్దు చేయించగలిగామంటే దానికి పాత గ్రంథాల్లో రాతపూర్వక సాక్ష్యం ఉంది. మన అవ్వల నోట ఉన్నదానికి గ్రంథం లేదు. జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ విజ్ఞానం మీద మేధో హక్కును సముదాయ హక్కుగా గుర్తించింది. చట్టాలు కాగితం మీద ఉన్నాయి. మనమేమో తాత చెట్టు చూపిస్తుంటే ఫోన్ తీసి వీడియో పెట్టేస్తున్నాం. లైకులు మనకు, మందు ఇంకెవరికో. తాతను అడగకుండా, గ్రామసభలో మాట్లాడకుండా మందు గుట్టు బయటపెట్టొద్దని మా మాట.

మీ పంచాయతీలో ఆ కమిటీ ఉందో లేదో ఈ వారంలో వెళ్లి అడగండి. రిజిస్టర్ తీయించి చూడండి. కానుగను మీ భాషలో ఏమంటారు, మీ అవ్వ దేనికి వాడింది, ఏ ఊరు, ఎవరు చెప్పారు, ఈ నాలుగు మాటలూ చెప్పినవారి ఒప్పుకోలుతో అందులో ఎక్కించండి. బి.ఫార్మసీ, బాటనీ చదువుతున్న పిల్లలు ఎంతమంది ఉన్నారిక్కడ? చేతులెత్తండి. సభ అయ్యాక వెళ్లిపోవద్దు, వెజ్జులతో కలిసి మనమంతా ఆ వేపచెట్టు కింద కూర్చుందాం.