రెండో ప్రతి ఎక్కడ వుంది?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆవకాయ పెట్టిన రోజున మన ఇళ్ళలో ఏం చేస్తామో ఒకసారి గుర్తు చేసుకోండి. ఏడాదికి సరిపడా పెట్టినదంతా ఒకే జాడీలో వుంచం. పెద్ద జాడీకి వాసెన కట్టి అటకెక్కిస్తాం. రోజువారీ వాడకానికి చిన్న జాడీలోకి తీసుకుంటాం. కూతురింటికో, ఆడపడుచు ఇంటికో ఒక సీసా పంపుతాం. తడి గరిటె తగిలి మన జాడీ బూజు పట్టినా, ఆ ఏటి ఆవకాయ పూర్తిగా పోదు. ఇంత ముందుచూపు వున్న మనం, కంప్యూటరులో దాచుకున్న వాటి విషయంలో మాత్రం అంతా ఒకే జాడీలో పెట్టి మూత వేసి నిశ్చింతగా వుంటున్నాం. నేనూ అలాగే వుండేదాన్ని. అందుకే ఈ నాలుగు మాటలు.

మా ఇల్లు టోలిచౌకిలో. షేక్‌పేట మీదుగా పైకి వెళ్తే ఫిలింనగర్, జూబిలీ హిల్స్ వస్తాయి. మావారు, మా మరిది కలిసి ఇంటి కింది గదిలో చిన్న ఆఫీసు నడుపుతున్నారు. చిన్న చిత్రాలకూ, ప్రకటనలకూ శబ్దం సరిచేసి ఇవ్వడం వారి పని. లెక్కలు, ఫైళ్ళు నా పని. ముగ్గురి కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఒక సర్వరు వుంది. సర్వరంటే భయపడనక్కరలేదు. ఉమ్మడి కుటుంబంలో ధాన్యపు గాదె లాంటిది. ఎవరి గదిలో వాళ్ళున్నా గింజలన్నీ అక్కడే వుంటాయి. గాదెకు చిల్లు పడితే మాత్రం అందరూ పస్తే.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి హైదరాబాదులో కురిసిన వాన మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. మా టోలిచౌకిలో నదీం కాలనీ రోజుల తరబడి నీళ్ళలో వుంది. పడవల మీద జనాన్ని బయటికి తీసుకువచ్చారు. మా వీధికి అంత రాలేదు గాని, కింది గదిలో మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. సర్వరు బల్ల కింద వుంది. దాని కాపీ తీసి పెట్టుకున్న డిస్కు ఎక్కడ వుందనుకున్నారు? అదే బల్ల కింది అరలో! రెండూ కలిసే మునిగాయి. తప్పు ఎవరిదీ కాదు, మాదే.

పని పోయిన వాళ్ళకు క్షమాపణ చెప్పుకున్నాం. డబ్బు తిరిగి ఇచ్చుకున్నాం. అది కష్టమే అయినా తీరేదే. తీరనిది ఇంకొకటి వుంది. మా అత్తయ్య మంగళ హారతులు, అప్పగింతల పాటలు ఎంతో చక్కగా పాడేవారు. మావారు ఒక వేసవిలో ఆమె చేత నలభై పాటలు పాడించి రికార్డు చేశారు. ఆ మరుసటి ఏడే ఆమె కాలం చేశారు. రాజమండ్రిలో వున్న మా ఆడపడుచు ఒకసారి వచ్చినప్పుడు పద్నాలుగు పాటలు తన వెంట తీసుకు వెళ్ళింది. ఆ పద్నాలుగే మిగిలాయి. ఇరవై ఆరు పోయాయి.

మన పక్కనే వున్న సినిమా రంగాన్నే చూడండి. తెలుగులో మొదటి టాకీ హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన 'భక్త ప్రహ్లాద'. 1932 ఫిబ్రవరిలో విడుదలయింది. ఈనాడు మనం చూద్దామంటే దాని ప్రతి దొరకదు. అంతకు వంద సంవత్సరాల ముందు నాటి మాట చూడండి. సి.పి. బ్రౌన్ కడపలో వుండగా పండితులకూ లేఖకులకూ సొంత డబ్బుతో జీతాలిచ్చి తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించాడు. ఒక ఇంట్లో చెదలు తిన్న కావ్యం మరో చోట ప్రతి వుంటే బతికింది. ఈ ప్రతి తీసి పెట్టుకోవడాన్నే ఇప్పుడు బ్యాకప్ అంటున్నారు.

అమెరికాలో జరిగిన ఒక సంగతి చెబుతాను. 1998లో పిక్సార్ సంస్థవారు 'టాయ్ స్టోరీ 2' అనే బొమ్మల సినిమా తీస్తున్నారు. ఎవరో సర్వరుకు పొరపాటున చెరిపివేసే ఆజ్ఞ ఇచ్చారు. చూస్తూ వుండగానే సినిమా ఫైళ్ళు మాయం కావడం మొదలైంది. బ్యాకప్ వుందిలే అనుకుని తెరిచి చూస్తే, అది కొన్ని వారాలుగా సరిగా పనిచేయడం లేదని తేలింది. అప్పుడు ఆ చిత్ర సాంకేతిక శాఖలో వున్న గేలిన్ సుస్మన్ అనే ఆవిడకు గుర్తుకొచ్చింది. పసిబిడ్డ తల్లి కావడం వల్ల ఆమె ఇంటి నుంచి పనిచేస్తున్నారు. అందుకోసం ఇంటి కంప్యూటరులో ఒక ప్రతి వుంచుకున్నారు. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారులో పసిబిడ్డను తెచ్చినంత పదిలంగా ఆఫీసుకు తెచ్చారు. సినిమా బతికింది. అంత పెద్ద సంస్థను కాపాడింది కూడా ఏర్పాటు కాదు, అదృష్టం. మా పద్నాలుగు పాటలూ అలా మిగిలినవే. అదృష్టం మీద ఆధారపడి సంసారం చెయ్యలేం కదా!

ఇక ఏర్పాటు సంగతి. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటి వుంది: మూడు, రెండు, ఒకటి. మొత్తం మూడు ప్రతులు వుండాలి. రెండు వేర్వేరు రకాల సాధనాల మీద వుండాలి. ఒకటి తప్పకుండా వేరే చోట వుండాలి. మన ఆవకాయ లెక్కే.

మా ఇంట్లో ఇలా చేశాం. మేడ మీద గదిలో ఒక పాత కంప్యూటరుకు పెద్ద డిస్కు తగిలించాం. రోజూ రాత్రి రెండు గంటలకు అది తనంతట తానే లేచి, కింది సర్వరులో ఆ రోజు మారిన ఫైళ్ళను మాత్రం తెచ్చుకుంటుంది. లినక్స్ కంప్యూటర్లలో ఈ పనికి రెండు సాధనాలు ఉచితంగానే వుంటాయి. క్రాన్ అనేది అలారం గడియారం. వేళకు పని మొదలు పెడుతుంది. ఆర్‌సింక్ అనేది పాతదీ కొత్తదీ పోల్చి, మారినంత వరకే కాపీ చేస్తుంది. మనం గుర్తు పెట్టుకుని చేసే కాపీ పండగలకూ పెళ్ళిళ్ళకూ ఆగిపోతుంది. గడియారం చేసే కాపీకి ఆ బాధ లేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది: నిన్నటి ప్రతి మీదనే ఇవాళ్టిది రుద్దకూడదు. పొరపాటున చెరిపిన ఫైలు అక్కడా చెరిగిపోతుంది. సర్వరులో జంటగా పెట్టే రెండు డిస్కులతోనూ ఇదే చిక్కు. ఒకటి చెడితే రెండోది ఆదుకుంటుంది గాని, చెరిపితే రెండింటిలోనూ పోతుంది. అందుకని మేము ఏడు రోజులవి, నాలుగు వారాలవి, పన్నెండు నెలలవి తేదీల వారీగా వుంచుతున్నాం. మారని ఫైలు మళ్ళీ చోటు తినకుండా ఆర్‌సింక్‌కు చెప్పవచ్చు.

రెండవది: కింది సర్వరుకు మేడ మీద పెట్టె తాళం ఇవ్వవద్దు. పై పెట్టే వచ్చి తీసుకోవాలి. 2017 మేలో వానాక్రై అనే దొంగ ప్రోగ్రాము దేశదేశాల కంప్యూటర్లలో చొరబడి ఫైళ్ళకు తాళాలు వేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని వాత పడ్డాయి. ఇటువంటి దొంగ తన చేతికి అందిన డిస్కుల జోలికల్లా వెళ్తుంది. తాళం లేని గది జోలికి వెళ్ళడం కష్టం.

మూడో ప్రతి రాజమండ్రిలో. ఇంటర్నెట్ మీద పంపవచ్చు గాని, సెకనుకు 50 మెగాబిట్లు పైకి వెళ్ళే లైను మీద ఒక టెరాబైటు పంపాలంటే దాదాపు 45 గంటలు పడుతుంది. అందుకని పెద్ద ఫైళ్ళు డిస్కు మీద, లెక్కలూ పాటలూ రోజూ లైను మీద పంపుతున్నాం. డిస్కులు రెండు. ఒకటి వెళ్తే ఒకటి వస్తుంది. దారిలో పోయినా పరాయివాళ్ళు చదవలేకుండా రహస్య లిపిలో వుంటాయి. ఆ పాస్‌వర్డు కాగితం మీద రాసి బీరువాలో ఒకటి, మా ఆడపడుచు దగ్గర ఒకటి పెట్టాం. అది మరిచిపోతే ఆ డిస్కు మనకూ పరాయిదే.

అంతా అయిందనుకున్నాం. ఏడాది తిరిగాక ఒకరోజు పాత ఫైలు కోసం మేడ మీది పెట్టె తెరిస్తే, రెండు నెలలుగా కొత్తది ఒక్కటీ లేదు! డిస్కు నిండిపోయి కాపీ ఆగిపోయింది. ఎవరమూ చూసుకోలేదు. పాలవాడు రాకపోతే పొద్దున్నే మనకు తెలుస్తుంది, కాఫీ ఆగుతుంది కనుక. కాపీ ఆగితే ఏదీ ఆగదు. అందుకని పని పూర్తయినట్లు రోజూ నా ఫోనుకు ఒక చిన్న సందేశం వచ్చేటట్లు పెట్టించాను. తప్పు జరిగితేనే చెప్పమంటే చాలదు. పెట్టె పూర్తిగా చచ్చిపోతే ఎవరు చెబుతారు? సందేశం రాని రోజే మనం మేడ ఎక్కవలసిన రోజు.

చివరి మాట. నెలకొకసారి, మొదటి ఆదివారం, నేను ఏదో ఒక ఫైలు బ్యాకప్ నుంచి వేరే చోటికి తీసి, తెరిచి చూస్తాను. పాటయితే చివరిదాకా వింటాను. తెరిచి చూడని జాడీలో ఏముందో దేవుడికే ఎరుక. తిరిగి తీసుకోగలిగితేనే అది ప్రతి.

గత సంవత్సరం మా సర్వరు డిస్కు హఠాత్తుగా చెడింది. మా మరిది కొత్తది తెచ్చి బిగించాడు. మధ్యాహ్నం మొదలు పెడితే రాత్రి భోజనాల వేళకు చాలావరకు తిరిగి వచ్చాయి. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోలేదు, వంట కూడా ఆలస్యం కాలేదు. అత్తయ్య పద్నాలుగు పాటలూ ఇప్పుడు మూడు చోట్ల వున్నాయి. మిగిలిన ఇరవై ఆరు ఎక్కడా లేవు.

ఈ రాత్రి పడుకోబోయే ముందు మీ ఇంట్లో వాళ్ళను ఒక్క ప్రశ్న అడగండి: "మన రెండో ప్రతి ఎక్కడ వుంది?" "ఆ బల్ల మీదే" అంటే, రేపటి పని ఏమిటో మీకు తెలిసినట్లే.

సెలవు.