అంగుళములును చుక్కలును
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన బీరువాలలోని పాత పుస్తకములకు ఫొటోలు తీసి కంప్యూటరులో భద్రపరుపవలెనని కార్యవర్గము సంకల్పించినది. సంకల్పము మంచిదే. కాని వానిలో అనేకములకు కాగితము పెళుసెక్కి, విప్పినంతనే అంచులు రాలిపోవు దశ వచ్చినది. ఒక్కసారి విప్పగలము, రెండవసారి విప్పగలమని చెప్పజాలము. ఆ ఒక్కసారి ఎంత సూక్ష్మముగా తీయవలెనను ప్రశ్నకు ముందుగనే సమాధానము కావలయును. నేను చెప్పబోవునది ఆ ఒక్క లెక్కను గూర్చియే.

అచ్చుపనివారు అంగుళములలోను మిల్లీమీటర్లలోను మాటలాడుదురు. కంప్యూటరుకు అంగుళమనిన నేమో తెలియదు. దానికి తెలిసినది చుక్క. ఆ చుక్కనే పిక్సెలు అందురు. బొమ్మయైనను అక్షరమైనను అడ్డముగా నిన్ని చుక్కలు, నిలువుగా నిన్ని చుక్కలు, అంతే. ఈ రెండు భాషల నడుమ దుబాసీ ఒక్కటే: అంగుళమునకు ఎన్ని చుక్కలు అను సంఖ్య. అది చెప్పనిదే ఒక పుట ఎన్ని పిక్సెళ్లు అని అడుగుటలో అర్థము లేదు.

నేతపని తెలిసినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. బట్ట వెడల్పు 48 అంగుళములు, అంగుళమునకు 60 పోగులు అనిన, పడుగులో 2880 పోగులుండవలెనని వారు నోటిలెక్కగా చెప్పుదురు. ఆ పోగులతోనే ఇంకను వెడల్పు బట్ట నేయబోయిన నేత పలుచనగును. పిక్సెళ్ల లెక్కయు నిదియే. అంగుళములను అంగుళమునకు పడు చుక్కలతో గుణించుడు. కొలత మిల్లీమీటర్లలో నున్నచో ముందు 25.4తో భాగించుడు.

ఏ4 కాగితము 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. అంగుళమునకు 300 చుక్కల వంతున అది 2480 × 3508 పిక్సెళ్లగును. 96 వంతున 794 × 1123 మాత్రమే. 72 వంతున 595 × 842. కాగితము మారలేదు, సంఖ్యలు మారినవి. ఈ 72 ఎక్కడిదనగా, అచ్చుశాలలో అక్షరమును కొలుచు పాయింటు అంగుళములో సుమారు 72వ వంతు. 1984లో వచ్చిన మాకింటోషు కంప్యూటరు తెర చుక్కను దానికి సరిపోవునట్లు అమర్చిరి. తరువాత విండోసువారు 96ను ఎన్నుకొనిరి. నేటి వెబ్ పుటల లెక్కలోను అంగుళమనిన 96 పిక్సెళ్లే. చేతిలోని ఫోనుమీద కొలబద్ద పెట్టి చూచినచో ఆ అంగుళము అంగుళము కాదు. మనిషికొక రీతిగా మారు మూర వంటిదది. కావున తెరకొరకే చేయు బొమ్మకు అంగుళముల గొడవ వలదు; చుక్కలు లెక్కించుకొనిన చాలును.

అచ్చుపుటను పట్టుకొనునప్పుడు మాత్రము అంగుళమే ప్రాణము. అందులోను మన లిపి సంగతి వేరు. 10 పాయింట్ల అక్షరమును 72 వంతున తీసితిమనుకొనుడు. దానికి దక్కునవి నిలువున 10 చుక్కలే. ఆ పదింటిలో పైన గుడి, నడుమ అక్షరము, క్రింద వత్తు ఇముడవలెను. "లక్ష్మి" అను పేరే ఆ ఇరుకులో ముద్దగట్టిపోవును. ఫ కారము క్రింది సన్నని గీత చెరిగి "ఫలము" కాస్త "పలము" కాగలదు. పలమును ఒక మాటయే గనుక, చదువరి దానిని తప్పని గుర్తింపడు సరికదా, పండును తూకపురాయిగా నర్థము చేసికొనును! 300 వంతున అదే అక్షరమునకు 42 చుక్కలు, 600 వంతున 83 చుక్కలు దక్కును. అప్పుడు వత్తు వత్తుగా, గీత గీతగా నిలుచును.

స్థలము కలిసివచ్చునని 150 చాలునను మాట వినబడినది. 5 అంగుళముల వెడల్పు, 7½ అంగుళముల పొడవుగల క్రౌను సైజు పుట 150 వంతున 8,43,750 చుక్కలు. 300 వంతున 33,75,000. 600 వంతున 1,35,00,000. సాంద్రత రెట్టించిన చుక్కలు నాలుగింతలగుట నిజమే. కాని హెచ్చుగా తీసినదానిని రేపు తగ్గించుకొనవచ్చును. తక్కువగా తీసినదానికి లేని గీతను ఎక్కడినుండి తేగలము? కంప్యూటరులో సాగదీసి 300 అని పేరు పెట్టుట, మజ్జిగలో నీళ్లు పోసి కడవ నింపుటయే. ఈ సంచికకు ఫొటోలు పంపిన మిత్రులకును ఇదే మనవి: 600 చుక్కల వెడల్పుగల బొమ్మ అచ్చులో 2 అంగుళములు బాగుగా వచ్చును, 6 అంగుళములకు సాగదు.

ఇక మన ఫోను కెమెరా. 4000 × 3000 చుక్కల బొమ్మ తీయగల ఫోను మనకు చాలును. తెరచిన క్రౌను పుస్తకము రెండు పుటలు కలిపి 10 × 7½ అంగుళములు. చట్రమునకు సరిగా నింపినచో అంగుళమునకు 400 చుక్కలు. అంచులు వదలినకొలది ఇది తగ్గును. ఒక్కొక్క పుటనే తీసిన 500 దాటును. సన్నని అక్షరముల పుస్తకములకు ఈ పద్ధతియే మేలని నా అభిప్రాయము. పాత వార్తాపత్రికలతోనే చిక్కు. 16 × 22 అంగుళముల పుటను ఒకేసారి తీసిన దక్కునవి సుమారు 180 మాత్రమే. నాలుగు భాగములుగా, అంచులు కొంత ఒకదానిపై నొకటి పడునట్లు తీసినచో 300 దక్కును. పని నాలుగింతలు; యువకులు నలుగురున్నారు గదా!

ఒక్క జాగ్రత్త. ఫొటోలో చుక్కలుండును గాని అసలు పుట ఎంత పెద్దదో దానికి తెలియదు. ప్రతి పుస్తకమునకు మొదటి ఫొటోలో పుట ప్రక్కన, అంకెలు కనబడునట్లు బడిపిల్లల స్కేలు ఒకటి ఉంచుడు. అందులోని ఒక అంగుళమునకు ఎన్ని చుక్కలు పడినవో కంప్యూటరులో లెక్కించి, 300కు తక్కువైనచో పుస్తకమును మూయకముందే మరల తీయుడు. ఆ స్కేలును బీరువాలోనే ఉంచవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాను.