అడ్డుగీత ఎంతవరకు నిలుస్తుంది? వికేంద్రీకృత సామాజిక మాధ్యమాల్లో బ్లాక్, మ్యూట్

ఏ మాస్టారి పేరిట సత్యవేడులో ఈ ధర్మనిధి ఉపన్యాసం జరుగుతోందో, ఆయనకు తలూపే పిల్లలకంటే ఎదురడిగే పిల్లలే ఇష్టమని చెప్పగా విన్నాను. అందుకే ఒకరి మాట వినను పొమ్మనే హక్కు గురించి మాట్లాడదామనుకున్నాను.

సరిహద్దు సంగతి ఈ ఊరికి ఒకరు చెప్పాల్సింది కాదు. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు తగాదాపై పటాస్కర్ చేసిన సిఫార్సుల మీద 1960 ఏప్రిల్ 1న చెంగల్పట్టు జిల్లా పల్లెలు కొన్ని ఇటు ఆంధ్రకు వచ్చి సత్యవేడు తాలూకా ఏర్పడింది, తిరుత్తణి అటు మద్రాసుకు పోయింది. ఆ గీత ఇన్నేళ్ళు నిలిచిందంటే రెండు ప్రభుత్వాలూ దాన్ని ఒప్పుకున్నాయి గనకే. ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే గీత నిలుస్తుందన్న ఈ సంగతి చుట్టూనే ఈనాటి నా మాటంతా తిరుగుతుంది.

ఫేస్‌బుక్, ఎక్స్ వంటివాటిలో వ్యవహారమంతా ఒకే కంపెనీ చేతిలో ఉంటుంది. మీరు ఒకరిని బ్లాక్ చేస్తే అమలు చేసేది ఆ కంపెనీయే. అయితే బ్లాక్ అంటే ఏమిటో మార్చే అధికారమూ దానిదే. బ్లాక్ అయినవాళ్ళు కూడా మన బహిరంగ పోస్టులు చదవవచ్చని 2024 నవంబరులో ఎక్స్ నియమం మార్చింది. వాడుకరుల్ని ఎవరడిగారు?

ఇలా ఒకే కంపెనీ పెత్తనానికి మారుగా వచ్చినవాటిలో ముఖ్యమైనది మాస్టొడాన్. జర్మనీలో ఆయిగెన్ రోచ్కో 2016లో మొదలుపెట్టాడు. సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ (నేటి ఎక్స్) నిలిపివేశాక 2019 నవంబరులో మన దేశంలో చాలామంది అటు నడిచారు. అక్కడ వేలకొద్దీ సర్వర్లు, ఒక్కోదానికి ఒక్కో అడ్మిన్. యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతిలో అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. దాన్ని వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించింది.

ముందు మ్యూట్ చూద్దాం. ఫలానావారిని మ్యూట్ చేశారంటే వాళ్ళ రాతలు మీకు కనిపించవు. ఆ సంగతి వాళ్ళకు తెలియదు, మీ పోస్టులు వాళ్ళకు అందుతూనే ఉంటాయి. ఇన్ని రోజులని గడువూ పెట్టుకోవచ్చు. పని మొత్తం మీ సర్వర్‌లోనే జరిగిపోతుంది కాబట్టి ఎవరి సహకారమూ అక్కర్లేదు.

చిక్కంతా బ్లాక్‌తోనే. బ్లాక్ చేయగానే ఒకరినొకరు అనుసరించడం తెగిపోతుంది. అవతలి మనిషి మీ సర్వర్‌లోనే ఉంటే లాగిన్ అయి మీ గోడ చూడలేడు. వేరే సర్వర్‌లో ఉంటే? కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగ నీళ్ళు ఊత్తుకోట దగ్గర రాష్ట్ర సరిహద్దులోని జీరో పాయింట్ దాటాక తూములు మన చేతిలో ఉండవు. పోస్టూ అంతే. దాని నకలు అప్పటికే అవతలి యంత్రంలో చేరి ఉంటుంది.

ఇక్కడ ప్రమాణానికీ ఆచరణకూ తేడా వచ్చింది. బ్లాక్ సందేశాన్ని బ్లాక్ అయినవారికి పంపకపోవడమే మంచిదని యాక్టివిటీపబ్ అంటుంది. మాస్టొడాన్ మాత్రం అవతలి సర్వర్‌కు పంపుతుంది, ఆ మనిషికి మన ఖాతాను చూపించవద్దని. అవతలి సర్వర్ ఆ మాట వింటుందన్న హామీ లేదని తన పత్రాల్లో తానే రాసుకుంది. పైగా బహిరంగ పోస్టును లాగిన్ కాకుండా ఎవరైనా చదవవచ్చు.

మరో వికేంద్రీకృత మాధ్యమమైన బ్లూస్కైలో చిక్కు ఇంకో రకం. అక్కడ మ్యూట్ గోప్యం, బ్లాక్ మాత్రం బహిరంగం. ఎన్నో సేవలు కలిసి దాన్ని అమలు చేయాలంటే అన్నిటికీ అది తెలియాలి కదా. ఫలితంగా ఎవరు ఎవరిని దూరం పెట్టారో కావాలనుకున్నవాళ్ళు వెతికి తెలుసుకోవచ్చు. వేధింపులకు భయపడి బ్లాక్ చేసిన అమ్మాయికి ఇది చిన్న విషయం కాదు.

మరి మాస్టొడాన్‌లో రక్షణ ఎక్కడుంది? అడ్మిన్ దగ్గర. ఒక సర్వర్ మొత్తాన్ని వెలుగులోకి రానీకుండా పరిమితం చేయడానికీ, పూర్తిగా తెంచుకోవడానికీ అతనికి వీలుంది. 2019 జులైలో విద్వేష రాతలకు పేరుపడిన గ్యాబ్ అనే సామాజిక మాధ్యమం మాస్టొడాన్ కోడ్ తీసుకుని ఈ లోకంలోకి వచ్చింది. కోడ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కనుక వాడవద్దని అడ్డుకునే దారి లేదు. కానీ అనేక సర్వర్లు దానితో సంబంధం తెంచుకున్నాయి. గ్యాబ్ నోరు ఎవరూ మూయలేదు, దాని మాట వినబోమని ఎవరికి వాళ్ళు నిర్ణయించుకున్నారు. ఈ బలానికి ఖర్చూ ఉంది. అడ్మిన్ ఒక సర్వర్‌ను తెంచినప్పుడు అక్కడున్న మీ మంచి స్నేహితులూ పోతారు. అలా తెగిన బంధాల గురించి వాడుకరికి కబురు చెప్పే ఏర్పాటు మాస్టొడాన్‌లో 2024 అక్టోబరుకు గానీ రాలేదు.

కాబట్టి విద్యార్థులారా, విసుగు పుట్టించేవారికి మ్యూట్ చాలు. వేధించేవారిని బ్లాక్ చేయండి, కానీ ముందు స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకుని అడ్మిన్‌కు ఫిర్యాదు చేయండి. బెదిరింపులైతే పోలీసులకూ చెప్పండి. అనుసరించేవారిని మీరు ఆమోదించాకే చేర్చుకునే ఏర్పాటు పెట్టుకోండి. సొంత సంగతులు బహిరంగంగా రాయకండి. అన్నిటికంటే ముందు, సర్వర్‌లో చేరబోయేటప్పుడు దాని నియమాలు చదవండి. ఫిర్యాదు వస్తే ఎవరు చూస్తారో కనుక్కోండి.

పెద్దలకు ఒక్క మనవి. తెలుగువాళ్ళు సొంతంగా సర్వర్లు పెట్టుకోవాలని అందరం అంటుంటాం. యంత్రం అద్దెకు దొరుకుతుంది. అర్ధరాత్రి వచ్చిన బూతును చదివి, తెలుగులో అది బెదిరింపో ఎకసెక్కమో పోల్చుకుని, తీర్పు చెప్పే మనిషి దొరకడమే కష్టం. అలాంటివారికి జీతమివ్వడానికీ ధర్మనిధులు పుట్టాలి.