కాశిలో పడవ దిగి నడచుట

కాశికి పోయిన మనవారిలో పెక్కండ్రు పడవమీద ఘట్టములను చూచి, విశ్వేశ్వరుని దర్శించి, రైలెక్కి వచ్చెదరు. అస్సీ మొదలు రాజఘాటు వఱకు ఘట్టములు 84. కొలదికాలములోనే పడవవాడు వానినెల్ల చూపును. ఆ చూపునకు నేను వంక పెట్టను. ఊరి మొగము నదిమీదనుండియే తెలియును.

అది యేలనన, తూర్పునకు పోవు గంగ కాశికడ ఉత్తరమునకు మరలును. ఆ వంపునకు వెలుపలివైపున నున్న పడమటి గట్టు ఎత్తైనది. సున్నపుగడ్డలతో కూడిన గట్టినేల. ఎదుటి గట్టు ఇసుకమేట, వరదలో మునుగును. కావున పాతయూరంతయు ఒక్క గట్టుననే వెలసినది. సూర్యుడు ఇసుకతిన్నె వెనుక నుదయించి మెట్లమీద తిన్నగా ప్రకాశించును. పురాణము ఉత్తరవాహిని పుణ్యమనును. ఇంజనీరు ఒడ్డు గట్టిదనును. ఈ రెంటికిని తగవు లేదు.

మణికర్ణిక యెదుట మా పడవ కొంచెము నిలిచినది. కాలుచున్న చితులను తోడివారు ఫోనులతో బొమ్మలు తీసిరి. పిమ్మట పంచగంగాఘట్టమున దిగుటకు అరగంట గడువిచ్చిరి. పడవలో తెలుగువారము పదునొకండ్రము. మెట్లు నిట్రముగా నున్నవని పదుగురు కూర్చుండిరి. నేను చేతికఱ్ఱ యూతగా ఎక్కితిని.

పైన ఔరంగజేబునాటి మసీదు కలదు. బిందుమాధవుని పాతగుడి యుండిన తావది. దాపుననే త్రైలింగస్వామి మఠము. ఆ మహనీయుడు మన విజయనగర ప్రాంతమువాడు. 1887లో కాశియందే సిద్ధి పొందెను. త్రైలింగమనగా మన దేశమే కదా! తెలుగు రాని ఆ సందులోనివారు ఆ పేరునకు చేతులు జోడించుట చూడగా నా కన్నులు చెమర్చినవి. పడవవాడు రాజుల మేడలన్నిటిని చూపెను గాని దీనిని చెప్పలేదు.

పడవను పొమ్మని కబురంపి నడచితిని. సందులలో ఇద్దరెదురైనచో ఒకరు గోడ కంటుకొనవలెను. ఠఠేరీ బజారనునది కంచరుల వీథి. హిందీ వాఙ్మయమున నవయుగము తెచ్చిన భారతేందు హరిశ్చంద్రుని యిల్లు ఆ దరినే యున్నది. ఆయన మన వీరేశలింగము పంతులుగారికంటె రెండేండ్లు చిన్న, 1885లోనే పోయెను.

అంతలో వెనుకనుండి రామనామము వినవచ్చినది. నలుగురు ఒక శవమును మోసికొని మణికర్ణికకు వడిగా పోవుచుండిరి. బేరమాడువాడు నోరు మూసెను. అందఱును గోడకు చేరిరి. నేనును చేరితిని. పాడె నా భుజమును రాచుకొని పోయినది. మోయువారిలో ఒకడు పదునాఱేండ్లవాడు. వాని పాదములకు చెప్పులు లేవు. పడవలో మేము దూరపు మంటను చూచితిమి గాని ఈ బాలుని చూడలేదు.

2021లో గంగనుండి విశ్వేశ్వరాలయమునకు వెడల్పైన దారి తెఱచిరి. అందుకై పెక్కు పాతయిండ్లు, సందులు తీసివేసిరి. కాళ్లు చాలని ముసలివారికి అది మేలే. కాళ్లున్నవారు మాత్రము సందులనే నడువుడు. శ్రావణ భాద్రపదములలో వరదకు మెట్లు మునిగి పడవలు నిలుచును. కార్తీకమైన పిమ్మట పోవుడు. దారి తప్పినచో గంగ యెటని యడుగుడు. ఎంత చిన్నపిల్లవాడైనను పల్లమువైపు చేయి చూపును.