గ్రంథాలయం పోటీలో మా మజూరీ చిట్టా

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మేము చదివింది ఎనిమిదో తరగతి. మగ్గం మీద పదిహేనేళ్లు కూర్చుని, తరవాత సంఘంలో లెక్కలు రాయడానికి వచ్చాం. ఉపన్యాసాలు మాకు చేతకావు. పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని సమాఖ్య వాళ్లు అడిగారు. చదువు గురించి చెప్పేటంత వాళ్లం కాము గాని, మా ఊళ్లో గ్రంథాలయం వాళ్లు పిల్లలకి పెట్టిన కథల పోటీలో జరిగిన సంగతి ఒకటి ఉంది. అది చెప్తాం. అందులో మాకు కొంచెం తలవంపు కూడా ఉంది. అయినా చెప్పాలనే వచ్చాం.

మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది. మనవాళ్లు ఎక్కడికీ కదల్లేదు, రాష్ట్రమే మారింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఒడియా, ఇంగ్లీషు. పట్టుచీరకి కుంభం అంచు వేసే చేతులు మనవి. రెండేళ్లకోసారి చైత్రంలో బూఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. ఆ అమ్మవారు మన నేతవాళ్ల ఆడబిడ్డ అని లెక్క. గుడి నుంచి దేశిబెహరా వీధికి, పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. అప్పుడు ఊరంతా మన వీధిలోకి వస్తుంది. కాని మన పిల్లలు మాత్రం ఊళ్లో ఉన్న గ్రంథాలయం గడప తొక్కేవారు కారు. అది చదువుకున్నవాళ్ల చోటు, మనకేటి పని అనుకునేవాళ్లం. ఆ మాట పిల్లలకి నేర్పింది మేమే.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేస్తారని మీకు తెలుసు. మూడేళ్ల కిందట ఆ వారంలో మా ఊరి గ్రంథాలయం వాళ్లు ఎనిమిదో తరగతి నుంచి ప్లస్ టూ దాకా చదివే పిల్లలకి కథలు రాసే పోటీ పెట్టారు. మూడు పేజీలు మించకూడదు, సొంతంగా రాయాలి, మొదటి విడతలో నెగ్గినవాళ్లు సభలో చదవాలి. ఒడియాలో గాని ఇంగ్లీషులో గాని రాయాలి. ఆ కాగితం మా సంఘం గోడకి అంటించడానికి ఒక కుర్రాడు తెచ్చాడు. చదివి, తెలుగు ఎందుకు లేదని అడిగాం. అతనికి తెలీదన్నాడు.

మర్నాడు గ్రంథాలయానికి వెళ్లాం. అరవై ఏళ్లు వచ్చాక మొదటిసారి లోపలికి వెళ్లడం. లైబ్రేరియన్ గారు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కోపంగా అడిగితే మెత్తగా ఒక్క మాట అన్నారు, "తెలుగులో రాస్తే దిద్దేవాళ్లు మా దగ్గర లేరండీ. మీరు ఒకరిని తీసుకొస్తే ఆ మాట ఇప్పుడే చేరుస్తాం." పెన్షన్ తీసుకుంటున్న తెలుగు మాస్టారు ఒకరు మా వీధి చివరే ఉన్నారు. ఆయన్ని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నారు. ఆ సాయంత్రమే నోటీసు మీద పెన్నుతో 'తెలుగు' అని చేర్చారు. ఏళ్ల తరబడి మాకు అన్యాయం జరుగుతోందని అనుకుంటూ కూర్చున్నాం గాని, వెళ్లి అడిగితే అరగంట పని అది.

అసలు చిక్కు తరవాత వచ్చింది. రాసేదెవరు? మన పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, అక్షరం రాదు. మాస్టారు, మేము కలిసి సంఘం వరండాలో బల్ల వేసి, సాయంత్రం ఆరింటి నుంచి గంటసేపు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టాం. ఏడుగురు వచ్చారు. తెలుగు వాచకాలు చాలక, మాస్టారు మా మజూరీ చిట్టాలు అడిగారు. సర్కారుకి పంపే లెక్కలు ఒడియాలో ఉంటాయి గాని, ఎవరు ఎన్ని చీరలు నేశారు, ఎంత మజూరీ, ఎంత బాకీ అన్న చిట్టా మాత్రం మేము తెలుగులోనే రాస్తాం. తెలిసిన పేర్లయితే పిల్లలు తొందరగా చదువుతారని మాస్టారి ఆలోచన. మేము కూడా ముందూ వెనకా చూడకుండా ఇచ్చేశాం.

అందులో ఒక గుంట పదో తరగతి. బడి నుంచి వచ్చాక అమ్మకి కండెలు చుట్టి పెడుతుంది. పడుగు అయిపోతే నాన్నతో కూర్చుని అతుకు వేస్తుంది. మూడు వారాల్లో చదవడం పట్టేసింది. అందరికంటే ఎక్కువసేపు చిట్టా ముందు కూర్చునేది. శ్రద్ధ అనుకున్నాం.

సభ రోజు హాలు నిండింది. ఒడియా కథలు చదివారు, ఇంగ్లీషు కథలు చదివారు. ఆఖర్న ఈ గుంట లేచింది. కథలో ఒక నేతగాడు చీర ఇచ్చేసి మజూరీ కోసం సంఘానికి నాలుగుసార్లు వెళ్తాడు. నాలుగుసార్లూ సెక్రటరీ తాత "రేపు రా" అంటాడు. ఇంట్లో చెల్లికి జ్వరం. ఆ నేతగాడి కూతురు చదవడం నేర్చుకుని చిట్టా చూస్తుంది. నాన్న చీర ఇచ్చిన తారీఖు ముందు, పక్కింటాయన చీర ఇచ్చిన తారీఖు వెనక. డబ్బు మాత్రం పక్కింటాయనకి ముందు అందింది. పక్కింటాయన కమిటీ మెంబరుకి బావమరిది. అక్కడితో కథ ఆపేసింది.

హాల్లో సగం మందికి తెలుగు రాదు, వాళ్లు మర్యాదకి చప్పట్లు కొట్టారు. తెలుగు వచ్చిన సగం మందీ మా వైపు చూశారు. మేము తల ఎత్తలేదు.

ఆ రాత్రి వాళ్ల నాన్న ఇంటికి వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి, "బాబూ, తప్పయిపోనాది. గుంట తెలీక రాసీసింది. ఇంక పుస్తకం ముట్టనివ్వను" అన్నాడు. నిజం చెప్పాలంటే, అతను రాకముందు దాకా మాకూ కోపంగానే ఉంది. మా బల్ల మీద అక్షరాలు నేర్చుకుని మా మీదే రాసింది కదా అని. కాని అతను అలా నిలబడేసరికి ఒళ్లు జలదరించింది. ఆరు వారాల మజూరీ బాకీ ఉన్నది మేము. క్షమాపణ అడుగుతున్నది అతను.

అతన్ని పంపించి చిట్టా తీశాం. గుంట రాసిన తారీఖులు ఒక్కటీ తప్పు కాదు. ఒక్క చోట పొరపాటు పడింది. పెట్టెలో డబ్బు ఉంచుకుని ఇవ్వలేదని అనుకుంది. పెట్టెలో డబ్బు లేదు. సరుకు కొన్నవాళ్లు నెలల తరబడి డబ్బు పంపలేదు. వచ్చిన కొద్దిపాటిలో ఎవరు గట్టిగా అడిగితే వాళ్లకి, ఎవరు మనవాళ్లైతే వాళ్లకి ముందు సర్దాం. మిగిలినవాళ్లకి "రేపు రా" అన్నాం. సరుకు డబ్బు రాలేదని చెప్తే సంఘం పరువు పోతుందని దాచాం. దాచడం ఒక తప్పు, వరస తప్పించడం రెండో తప్పు.

తరవాతి కమిటీ మీటింగులో ఆ మూడు పేజీలూ చదివించాం. గొడవ జరిగింది. ఒకాయన లేచి వెళ్లిపోయాడు కూడా. చివరికి రెండు తీర్మానాలు రాశాం. మజూరీ చీర ఇచ్చిన తారీఖు వరసలోనే ఇవ్వాలి. జబ్బు గాని చావు గాని అయితే తప్ప వరస మారదు, మారితే ఎందుకో రాయాలి. రెండోది, ఏ నెల ఎంత సరుకు వెళ్లింది, ఎంత డబ్బు వచ్చింది, ఎవరెవరికి బాకీ ఉంది అన్నది వరండాలో నల్లబోర్డు మీద తెలుగులో, ఒడియాలో రాయాలి. దీనివల్ల డబ్బు తొందరగా వచ్చేసిందని చెప్పం. ఇప్పటికీ ఆలస్యమే. కాని ఏ నేతగాడూ పని మానుకుని నాలుగుసార్లు తిరగక్కర్లేదు. బోర్డు చూసుకుని తన వంతు ఎప్పుడో తెలుసుకుని ఇంటికి పోతున్నాడు.

ఆ గుంట నాన్న దగ్గరికి మేమే వెళ్లాం. పిల్లని పుస్తకం ముట్టనివ్వమని చెప్పడానికి. అతను నమ్మలేదు. చిట్టాలో అతని బాకీ చూపించి, తప్పు మాది, పిల్లది కాదు అని నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. అతను మా గుమ్మం తొక్కింది కూడా నాలుగుసార్లే కదా అనుకున్నాం.

పోటీలో ఆ కథకి తెలుగులో రెండో బహుమతి వచ్చింది. మొదటిది కాదు. ఒత్తులు, దీర్ఘాలు చాలా తప్పులున్నాయని, కథకి ముగింపు లేదని మాస్టారు మార్కులు తగ్గించారు. మన పిల్ల అని ఎక్కువ వేయలేదు. అదీ మంచిదే. పుస్తకాలు, సర్టిఫికెట్టు ఇచ్చారు.

ఇప్పుడు తల్లిదండ్రులకి మేము చెప్పుకునేవి కొన్ని ఉన్నాయి.

ఇలాంటి పోటీలు మీ ఊళ్లోనూ ఉంటాయి. షోలాపూరు, భివండి, సేలం, ఎక్కడున్నా నవంబరు రాకముందే గ్రంథాలయానికి వెళ్లి అడగండి. తెలుగు లేకపోతే చేర్చమనండి. దిద్దేవాళ్లని మీరే చూపించండి. తెలుగు రాయలేని పిల్ల ఉంటే మరాఠీలోనో తమిళంలోనో కన్నడంలోనో రాయనివ్వండి. రాయడం ముఖ్యం. మాట మన ఇంటిదైతే చాలు.

పిల్లల తరఫున మీరు రాసి పెట్టకండి. రెండో ఏడు ఒకాయన కొడుకు కథ ఫోన్లోంచి దించి ఇచ్చాడు. ఆ కథలో మంచు కురిసింది. కుర్రాడిని సభలో లేపి అడిగితే పాపం ఏడ్చేశాడు. మీ పిల్లకి మగ్గం గుంత తెలుసు, నాడె తిరిగే చప్పుడు తెలుసు, తడి పట్టు వాసన తెలుసు, వానాకాలం గుంతలో నీళ్లు ఊరితే ఎన్ని రోజులు పని ఆగుతుందో తెలుసు. అవి ఊళ్లో ఇంకే పిల్లకీ తెలీవు. అవి రాయమనండి.

రాసింది మీకు నచ్చకపోతే చెయ్యి ఎత్తకండి. ముందు అది నిజమా కాదా చూడండి. నిజమైతే సరిచేసుకోవలసింది మనం. నిజం కాకపోతే పిల్లని కూర్చోబెట్టి, ఆ పెట్టెలో డబ్బు ఎందుకు లేదో చెప్పినట్టు చెప్పండి.

పుస్తకాలు మనవి కావు అన్న మాట మానేద్దాం. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ పెట్టిన భాష మనది. చీరాల పక్క వేటపాలెంలో, మగ్గాల మధ్యన, 1918లో పెట్టిన సారస్వత నికేతనం నేటికీ ఉంది. 2019-20 చేనేత లెక్కల ప్రకారం దేశంలో మనలాంటి పనివాళ్లు 35 లక్షల పైచిలుకు. ఆ లెక్కలో మనం ఒక అంకె. ఆ అంకె ఇంట్లో సాయంత్రం ఏం జరుగుతుందో రాయగలిగేది మన పిల్లలే.

సంఘాలు నడిపే మాలాంటివాళ్లకి కూడా ఒక మాట. వారానికి రెండు సాయంత్రాలు మీ ఆఫీసు వరండా, ఒక బల్ల, ఒక లైటు పిల్లలకి ఇవ్వండి. కావాలంటే చిట్టా కూడా ఇవ్వండి. ఇవ్వడానికి భయం వేస్తే, ఆ చిట్టా ముందు సరిచేసుకోవాలని అర్థం.

ఆ గుంట ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. ఈ నవంబరులో చిన్నపిల్లల కథలు దిద్దడానికి మాస్టారికి సాయం చేస్తానంది. మొన్న సంఘానికి వచ్చి బోర్డు చూసి, "తాతా, రెండో వరసలో కూడిక తప్పు" అంది. చూస్తే తప్పే. సుద్దముక్క ఆమె చేతికే ఇచ్చాం.